పెద్దక్క నోరు మూసుకుని లేచింది

"నోరు మూసుకుని లేవండి పెద్దక్కా, అందండీ నన్ను! అంతమంది మగపిల్లల ముందు! ఇన్నేళ్ల సర్వీసులో పెద్ద డాక్టరు కూడా నన్ను ఆ మాట అనలేదు."

"అనాలని ఆయనకీ ఉండే ఉంటుంది," పక్క గదిలోంచి మగ గొంతు వినిపించింది. "ధైర్యం చాలలేదంతే."

"మిమ్మల్నెవరైనా అడిగారా? చెప్పేది నేను, వినేది ఇంటికొచ్చినవారు. మధ్యలో మీకేంటి?"

"నా గురించి చెప్పేటప్పుడు నేను వినకూడదా?"

"కథ ఇంకా మీదాకా రాలేదు. జిమ్ము దగ్గరే ఉంది. వచ్చినప్పుడు పిలుస్తాలెండి."

వంటింట్లో బీన్సు నారలు తీస్తున్న ఆవిడ, గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న మనిషివైపు చూసి, చూశారా ఈయన వరస, అన్నట్టు కళ్లతోనే నవ్వింది. ఆవిడ కూర్చున్న తీరు చూడాలి. గోడ పట్టుకుని, మోకాలు పట్టుకుని, అమ్మా అయ్యా అంటూ కూలబడిన కూర్చోవడం కాదు. రెండు మడమలూ నేలకి ఆనించి, వీపు నిటారుగా నిలిపి గొంతుక్కూర్చుంది. గిన్నె నిండగానే రెండు చేతులతో దాన్ని గుండెలకి ఆనించుకుని, ఎక్కడా ఆసరా తీసుకోకుండా పైకి లేచింది. యాభై ఎప్పుడో దాటిన మనిషి. లేచేటప్పుడు మాత్రం ఒక్క క్షణం మాట ఆపింది. నిలబడ్డాక అందుకుంది.

ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి గేటు వాచ్‌మన్ దాకా ఆవిణ్ణి పెద్దక్క అనే పిలుస్తారు. ఎముకల వార్డులో ఆయా. తుంటి విరిగినవాళ్లని, వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్లని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్ట్రెచర్ మీదికి, అక్కణ్ణుంచి మళ్లీ మంచం మీదికి మార్చడం ఆవిడ పని. ఆ పని ఒక్కరిది కాదు, ఎప్పుడూ ఇద్దరిది. పెద్దక్కకి జోడీ చిట్టి. పేరుకే చిట్టి గానీ మనిషి తలుపంత ఉంటుంది. ఇద్దరూ చెరో పక్కా చేరితే ఎంతటి భారీకాయమైనా దుప్పటిలా తేలిపోవాల్సిందే.

ఆ ఎత్తడంలో ఒక పద్ధతుంది. రోగి మీద చేయి వేసే ముందు మాట వేయాలి. చెప్పకుండా ముట్టుకుంటే మనిషి బిగుసుకుపోతాడు. బిగుసుకున్న మనిషి రెట్టింపు బరువు. అందుకని పెద్దక్క మొదలుపెడుతుంది: "లేద్దాం నాన్నా... ఆఁ, అంతే... ఏం కాదు, నేనున్నాగా... ఇంకొక్క పిసరు... అయిపోయింది, అయిపోయింది, అయిపోయింది." మొదటి "అంతే" దగ్గర చిట్టి చేతులు బిగిస్తుంది, చివరి "అయిపోయింది" దగ్గర వదులుతుంది. ఆ మాటలు రోగికి ధైర్యం, చిట్టికి లెక్క. పెద్దక్క ఎప్పుడైనా గొంతు పోయి సెలవు పెడితే వార్డంతా మూగనోము పట్టినట్టుండేదని చిట్టి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇక ఆ పక్క గదిలో ఉన్నాయన. ఆవిడ భర్త. క్రేను ఆపరేటరు. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట, మబ్బుల్లో వేలాడే పిట్టగూడులాంటి క్యాబిన్‌లో కూర్చుని, ఒక్క చేత్తో లీవరు లాగి ఇనుప దూలాలని అగ్గిపుల్లల్లా పైకి చేర్చినవాడు. రిటైరు కావడానికి ఇంకా టైముందనగా పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు మాట వినడం మానేశాయి. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ, వేడి మాత్రం ఏమీ తగ్గలేదు.

మొదట్లో ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి పెద్దక్కే మార్చేది. చేతికింద జోడీ లేకపోయినా అలవాటైన పనే కదా అనుకుంది. అక్కడే పొరపాటు జరిగింది. ఆసుపత్రిలో సగం బరువు చిట్టిది. ఇంట్లో ఆ సగం కూడా ఆవిడ నడుం మీదే పడింది. ఒకరోజు పొద్దున ఆయన్ని సగం లేపాక ఆయన మంచి కాలు కూడా వణికింది. ఆవిడ ముందుకు వంగిపోయింది, నడుంలో కత్తి దిగినట్టయింది. ఇద్దరూ మంచం పక్కన చాప మీదికి మెల్లిగా జారిపోయారు. దెబ్బలేం తగల్లేదు. కానీ లేవడం ఎలా?

అప్పుడే ఇంటికొచ్చిన ఆయన చెల్లెలు పరుగెత్తుకెళ్లి కింద వాటాలో ఉండే వడ్రంగిని పిలుచుకొచ్చింది. మంచివాడు, ఇనప్పెట్టెలాంటి మనిషి. వస్తూనే ఆయన చంకల కింద చేతులు వేసి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, మంచం మీద కూర్చోబెట్టేశాడు.

"ఇంతేనా అన్నగారూ! బెండు ముక్కలా ఉన్నారు. మా షాపులో స్టూలు కూడా మీకన్నా బరువు!"

నవ్వించాలనే అన్నాడు పాపం. ఆ మాట ఆయన గుండెలో మేకులా దిగింది. మర్నాడు వడ్రంగి తనంతట తనే, "రోజూ పనికెళ్లే ముందు ఒక చేయి వేసి వెళ్తానమ్మా," అంటూ వచ్చాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను సామాను కాదు. నన్ను ఎక్కించడాలు దించడాలు అక్కర్లేదు. పో."

వడ్రంగి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచీ ఆయన మంచం దిగలేదు. "నువ్వు లేపితే లేస్తా. ఇంకొకడి చేయి నా మీద పడితే ఊరుకోను," అన్నాడు. చిట్టి వస్తానంటే వద్దన్నాడు. ఆసుపత్రిలో వాడే ఎత్తుడు మిషను అద్దెకి తెద్దామంటే, దాని కాళ్లు ఆ పెట్టెమంచం కిందికి దూరవు. పెద్దక్క నడుమేమో వంగితే లేవనివ్వదు, లేస్తే వంగనివ్వదు. ఆవిడ డ్యూటీకి వెళ్లినంతసేపూ ఆయన చెల్లెలు వచ్చి కూర్చునేది. ఆమెది పిట్ట ప్రాణం. మంచినీళ్ల గ్లాసు అందించగలదు గానీ మనిషికి చేయి అందించలేదు.

ఎదురుగా వీధి చివర ఏదో కొత్త భవనం లేస్తోంది. అక్కడి క్రేను చప్పుడు కిటికీలోంచి రోజంతా వినపడేది. ఆయన మంచం మీద పడుకుని, కనపడని ఆ ఆపరేటర్ని తిడుతూ ఉండేవాడు. "వెధవ, బ్రేకు అట్లా కొడతారా? తాడు తెగి చస్తావు!" కిటికీ దాకా వెళ్తే ఆ వెధవ కనపడతాడు. కిటికీ పది అడుగుల దూరంలో ఉంది.

పెద్దక్క నడుం నొప్పికి మాత్రలు రాయించుకుందామని ఆసుపత్రిలోనే కసరత్తులు చేయించే డాక్టరు దగ్గరికి వెళ్లింది. అతను ఆవిణ్ణి వంగమన్నాడు, లేవమన్నాడు, కుర్చీ ఎత్తమన్నాడు. అన్నీ చూసి, "నడుం తప్పేం లేదు పెద్దక్కా. కాళ్లు చేయాల్సిన పని దాంతో చేయిస్తున్నారు. నొప్పి తగ్గాక కాళ్లకి పని నేర్పండి," అని ఒక జిమ్ము అడ్రసు చెప్పాడు.

టైర్ల షాపు పైన జిమ్ము. పక్కనుంచి ఇనుప మెట్లు. పైకెళ్తే రబ్బరు వాసన, చెమట వాసన కలిసి కొట్టే పొడుగాటి హాలు. అక్కడ నేర్పేది ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన అమ్మాయి. మోకాలు దెబ్బతిని మానేసింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, గొంతు మాత్రం మైకు మింగినట్టుంటుంది. ఆమెకి పెద్దక్క పెట్టుకున్న పేరు కోచమ్మ.

"ఏం కావాలమ్మా? సన్నబడటానికా?"

"మా ఆయన్ని ఎత్తడానికి."

అద్దం ముందు కండలు చూసుకుంటున్న కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. కోచమ్మ నవ్వలేదు. "ఎంత బరువు?"

"అరవై రెండు. నా మీద అలిగి అన్నం మానేసిన రోజు అరవై."

"వీపు మీద మోస్తారా, ముందునుంచి ఎత్తుతారా?"

"ముందునుంచే. మొహంలో మొహం పెట్టి."

"అయితే ఫ్రంట్ స్క్వాట్ నేర్చుకోండి. మెడ వెనక బరువుల రాడ్ పెట్టుకుంటే నడుంతో దొంగాట ఆడొచ్చు. ముందు భుజాల మీద పెట్టుకున్నారనుకోండి, కాస్త వంగినా రాడ్ జారిపోతుంది. దొంగాట కుదరదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. రాడ్ వేరు, మనిషి వేరు. రాడ్‌కి చెమట పట్టదు, భయం వేయదు. నేను మీ కాళ్లకి బలం ఇవ్వగలను. మిగతాది మీ చేతుల్లో ఉంది."

"స్క్వాట్ అంటే?"

కోచమ్మ చేసి చూపించింది.

"ఓసి ఇంతేనా! గుంజీలు! చిన్నప్పుడు తప్పు చేస్తే తీయించేవాళ్లు. ఇప్పుడు ఏ తప్పూ చేయకుండానే తీయాలా?"

"తప్పు మీ నడుం చేసింది. శిక్ష మీకు పడింది. దిగండి."

దిగింది. మడమలు గాల్లోకి లేచాయి. వార్డులో ఏళ్ల తరబడి నిలబడీ నిలబడీ చీలమండలు బిర్రబిగుసుకుపోయాయి. కోచమ్మ ఆవిడ మడమల కింద పల్చటి ఇనుప ప్లేట్లు రెండు పెట్టింది. గోడకి బొటనవేలు దగ్గరగా పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి తాకించే పని ఇంటికిచ్చింది. పెద్దక్క ఆ పని ఆసుపత్రిలో మందుల గది గోడకి చేసేది. చిట్టి చూసి, "గోడ పడిపోతుందేమో అని పట్టుకున్నావా అక్కా?" అని ఆటపట్టించేది.

కొన్నాళ్లు చిన్న బరువుని రెండు చేతులా గుండెలకి హత్తుకుని దిగడం, లేవడం. ఆ తర్వాత రాడ్. రాడ్ దగ్గర అసలు తంటా వచ్చింది. పెద్దక్క దాన్ని పిడికిళ్లతో ప్రాణం పెట్టి పట్టుకుంది. రోగి చేయి వదలకూడదని నేర్చుకున్న చేతులవి. మణికట్లు విరిగిపోతున్నట్టు నొప్పి, మోచేతులు నేలచూపులు.

"వదలండి పెద్దక్కా!"

"వదిలితే పడిపోదూ?"

"చేతులు మోయవు దాన్ని. భుజాలు మోస్తాయి. ఇదిగో, గొంతుకి దగ్గరగా, భుజాల ముందు ఈ గుంటలో కూర్చోబెట్టండి. వేళ్లు ఊరికే కింద ఆనితే చాలు. మోచేతులు ఎత్తండి. ఇంకా. ఎదురుగా ఉన్నవాణ్ణి మోచేత్తో పొడుస్తున్నట్టు."

"ఎదురుగా ఎవరూ లేరే."

"మీ ఆయన ఉన్నారనుకోండి."

మోచేతులు చప్పున లేచాయి.

అలా పాఠం ముందుకెళ్లింది. రాడ్‌కి చెరోపక్కా చిన్న చిన్న ప్లేట్లు పెరుగుతూ వచ్చాయి. మడమల కింది ప్లేట్లు తీసేశారు. కిందికి దిగాక ఆగి, అక్కడే కుదురుగా ఉండటం నేర్చుకుంది. మోకాళ్లు లోపలికి పడకుండా పాదాల దారినే వెళ్లడం నేర్చుకుంది. లేవలేకపోతే రాడ్‌ని ముందుకి వదిలేసి వెనక్కి అడుగేయడం కూడా నేర్చుకుంది. అదే అన్నిటికన్నా కష్టమయింది ఆవిడకి. బరువుని కింద పడేయడమా? మొదటిసారి ధన్‌మని పడ్డప్పుడు, "అయ్యో నాన్నా!" అంది. కింద టైర్ల షాపాయన ఏమయిందని పైకి వచ్చాడు.

ఇంట్లో ఆయన మంచం మీంచే ఎగతాళి. "ఈ పూట ఎంత ఎత్తావేంటి?"

"నలభై."

"మా క్రేను కొక్కెమే అంతకన్నా ఎక్కువ తూగుతుంది."

"మీ క్రేను మీకు పక్క బట్టలు మారుస్తుందేమో కనుక్కోండి."

నలభై దాటింది. ఇంకాస్త పెరిగింది. అక్కడ ఆగిపోయింది. దిగడం బాగానే దిగేది. లేచేటప్పుడు సగంలో ఛాతీ ముడుచుకుపోయేది, మోచేతులు వాలేవి, రాడ్ ముందుకి దొర్లేది. ఈ వారం అంతే, పై వారం అంతే. కోచమ్మ బరువు తగ్గించి చూసింది, పాదాలు ఎడంగా పెట్టించింది, బూట్లు మార్పించింది. ఎంత చేసినా ఆ మెట్టు దాటదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన్ని పక్కకి తిప్పి ఒళ్లు తుడుస్తుంటే, నడుం కింద ఎముక దగ్గర ఎర్రటి మచ్చ కనపడింది. పెద్దక్క వేలితో నొక్కి తీసింది. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. ఇది తెల్లబడలేదు. ఆవిడ ఒళ్లు తుడవడం ఆపేసింది. మంచం పట్టిన మనిషికి ఆ మచ్చ ఎలా మొదలవుతుందో, పట్టించుకోకపోతే ఎంత లోతు పుండవుతుందో వార్డులో లెక్కలేనన్నిసార్లు చూసింది.

"ఏమయింది? ఆగిపోయావేం?"

"ఏం లేదు. కాస్త ఎర్రబడింది. రేపట్నుంచి ఇంకా తొందరతొందరగా పక్కలు మారుస్తాను." తువ్వాలు పిండుతూ అంది: "ఏవండీ, వడ్రంగిని పిలవనా? ఒక్కసారి?"

ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

మర్నాడు జిమ్ములో పెద్దక్క ఎవరికోసమూ ఆగలేదు. ప్లేట్లు తనే ఎక్కించుకుంది. "ఇవాళ లేవాల్సిందే," అంది కోచమ్మతో. పాటల పెట్టె హోరెత్తిపోతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆవిడ రాడ్ భుజాల మీదికి తీసుకుంది, వెనక్కి జరిగింది, దిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పాట ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది:

"లేద్దాం నాన్నా... ఆఁ, అంతే... ఏం కాదు, నేనున్నాగా..."

రాడ్ ముందుకి దొర్లి ధన్‌మని పడింది.

ఒక కుర్రాడు పగలబడి నవ్వాడు. ఇంకొకడు, "నేనూ ఉన్నా ఆంటీ!" అన్నాడు. కోచమ్మ వాళ్ల వైపు ఒక చూపు చూస్తే అద్దాలవైపు తిరిగేశారు.

"పెద్దక్కా, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నేనా? ఎవరితోనూ లేదే."

"లేద్దాం నాన్నా అన్నారు."

తను అంటున్నట్టు పెద్దక్కకే తెలియదు. బతుకంతా ఒక్క బరువూ మాట లేకుండా ఎత్తని నోరది. రాడ్‌ని కూడా బుజ్జగిస్తూ ఎత్తుతోంది ఇన్నాళ్లూ!

కోచమ్మ ఆవిణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కిందకి చూపించింది. టైర్ల షాపు ముందు ఒక లారీ ఆగి ఉంది. "గాలి నిండుగా ఉంది కాబట్టే ఆ టైరు అంత లోడు మోస్తోంది. తీసేస్తే ఏమవుతుంది? మీ పొట్టలో ఊపిరి కూడా అంతే. నిండుగా పీల్చి, బిగబట్టి, లేచాక వదలాలి. అదే మీ నడుముని నిలబెడుతుంది. మీరు కిందికి దిగాక మాట మొదలుపెడుతున్నారు. గాలంతా మాటల్లోనే పోతోంది. సగం లేచేసరికి టైరు పంక్చరు. అందుకని, నోరు మూసుకుని లేవండి పెద్దక్కా!"

పదిమందిలో ఆ మాట అనిపించుకోవడం ఇలా జరిగింది.

నోరు మూసుకుంటే ఇంకా ఘోరం. మాట లేకపోతే కాళ్లు కదలవు. ఎవరో తాళం తీయాలన్నట్టు కిందే కూర్చుండిపోయేది. చివరికి ఇద్దరూ కలిసి ఒక దారి కనిపెట్టారు. చెప్పాల్సిందంతా పైన నిలబడ్డప్పుడే చెప్పేయాలి. "లేద్దాం నాన్నా, ఏం కాదు, నేనున్నా," అని రాడ్‌కి చెప్పేసి, నిండా ఊపిరి పీల్చి, పెదాలు బిగించి దిగాలి. లేచి నిలబడ్డాక "అయిపోయింది" అనాలి. ఆ అయిపోయింది కోసం ఆవిడ లోపల్లోపల ఎంత తహతహలాడిపోయేదో! కానీ రాడ్ నిలబడింది. ఆ మెట్టు దాటింది. పై మెట్టూ దాటింది. ఆయన బరువుకి దగ్గరగా వచ్చిన రోజు, లేచి నిలబడి "అయిపోయింది!" అని ఆవిడ వేసిన కేకకి, వెక్కిరించిన కుర్రాడే ముందుగా చప్పట్లు కొట్టాడు.

కసరత్తుల డాక్టరు ఇంటికి వచ్చి, కుర్చీ ఏ పక్క పెట్టాలో, ఆయన బలంలేని మోకాలికి ఆవిడ మోకాలు ఎలా అడ్డం పెట్టాలో, నడుముకి బట్ట బెల్టు ఎక్కడ కట్టాలో ఇద్దరి చేతా చేయించి, "ఇక మీరిద్దరే," అని వెళ్లాడు.

మర్నాడు పొద్దున. కుర్చీకి బ్రేకులు వేసింది. ఆయన్ని మంచం అంచుకి తెచ్చింది. ఎదురుగా దిగి, బెల్టు పట్టుకుంది. ఊపిరి పీల్చింది. పెదాలు బిగించింది. లేపబోయింది.

ఆయన రాయిలా బిగుసుకుపోయాడు.

"ఏమే! ఏమే! ఏదో ఒకటి చెప్పు!" ఆవిడ భుజం గట్టిగా పట్టుకున్నాడు. "మాట లేకుండా ఎత్తుతున్నావేంటి, శవాన్ని ఎత్తినట్టు!"

ఆవిడ ఆయన్ని మెల్లగా వెనక్కి కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడింది. మాట్లాడితే తను లేవలేదు. మాట్లాడకపోతే ఆయన లేవడు. ఇన్నాళ్లూ పడ్డ పాటంతా ఇక్కడికి వచ్చి తెల్లమొహం వేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అది కాదండీ. మాట్లాడితే ఊపిరి పోతుంది. ఊపిరి పోతే నడుం నిలబడదు. కోచమ్మ చెప్పింది."

కిటికీలోంచి క్రేను మోత వస్తోంది.

"పైన క్యాబిన్‌లో నేనెప్పుడు మాట్లాడాను?" అన్నాడాయన.

"ఏంటి?"

"ఆపరేటరు మాట్లాడడు. కింద లోడు దగ్గర ఒకడుంటాడు. ఎత్తు, ఆపు, తిప్పు, అన్నీ వాడే చెప్తాడు. వాడు చెప్తేనే లీవరు కదలాలి. ఓనరొచ్చి అరిచినా వినకూడదు. నువ్వు ఎత్తేదానివి కదా? నీకు మాటెందుకు? మాట నాది."

కుడి చేయి పైకెత్తి, చూపుడు వేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. "ఇదీ, ఎత్తమని."

"నా మొహం మీ భుజం వెనక ఉంటుంది. మీ వేలు నాకెక్కడ కనపడుతుంది?"

"నిజమే," అని చేయి దించాడు. "నోటితో చెప్తాలే. ఊఁ, రా. గాలి పీల్చుకో. పీల్చావా?"

ఆవిడ తలాడించింది.

"ఎత్తు... ఎత్తు... మెల్లిగా... ఆపు. లోడు ఊగుతోంది. ఉండు... ఆగింది. ఇప్పుడు తిప్పు... ఇటు, ఇటు... చాలు. దించు... దించు... ఆఁ. వదిలెయ్."

కుర్చీ కిర్రుమంది. ఆయన అందులో ఉన్నాడు. ఇద్దరికీ రొప్పు. ఆయన చెల్లెలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దక్క అప్పుడు నోరు విప్పింది. అయిపోయింది అనబోయి, అనలేక, ఆయన తల మీద చేయి వేసి నిమిరింది.

"జుట్టు చెరపకు," అన్నాడాయన. "నన్ను కిటికీ దగ్గరికి తొయ్యి. ఆ వెధవ మొహం చూడాలి."

"ఇప్పుడు మీ దగ్గరికి వచ్చిందండీ కథ," అని పెద్దక్క వంటింట్లోంచి కేకేసింది.

"అయిపోయాక పిలుస్తావా?" అవతలి గదిలో కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు. "ఆ ఎర్ర మచ్చ తగ్గిందని కూడా చెప్పు. నా వల్లే తగ్గిందని చెప్పు."

"మీ వల్లేనండీ. రోజూ పొద్దున, సాయంత్రం ఒకటే అధికారం! మోచేయి వాలిందంటారు, ఎడం కాలు వెనక పెట్టానంటారు. నిన్న తుమ్మొచ్చి సగంలో ఆగితే, పని మధ్యలో బ్రేకు కొడతావా అని కేకలేశారు. కోచమ్మే నయం." ఈ మాటలంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఫిర్యాదు లేదు.

వినడానికి వచ్చిన మనిషి లేచి పీట గోడకి ఆనించబోతే, పెద్దక్క బీన్సు గిన్నె పక్కన పెట్టి, తడి చేతులు తుడుచుకుంటూ వీధి గుమ్మం దాకా వచ్చింది. గొంతు తగ్గించింది.

"వెళ్తూ వెళ్తూ నాకొక పని చేసిపెట్టండి. మెట్లు దిగగానే ఎడంపక్క తలుపు, వడ్రంగిది. నన్ను చూస్తే పాపం ఇప్పటికీ తల దించుకుని పోతాడు. ఈయనేమో చచ్చినా పిలవరు. కానీ పొద్దున కింద తలుపు చప్పుడు వినపడకపోతే చాలు, ఇవాళ పనికి పోలేదా వాడు, ఒంట్లో బాగుందా అని నన్నే అడుగుతారు. మీరు తలుపు కొట్టి, సాయంత్రం పేకాటకి పైకి రమ్మన్నారని చెప్పండి. ఆయనే రమ్మన్నారని చెప్పండి, నేనని చెప్పకండి. పైకెత్తడానికి కాదని మాత్రం గట్టిగా చెప్పండి. పేక కూడా అతన్నే తెచ్చుకోమనండి. మా ఇంట్లో ఉన్న కట్టలో ముక్కలు పూర్తిగా లేవు."